ఎగుమతి లైసెన్సుల నివేదికలు: అంకెల్ని ఎలా చదవాలి, చట్టసభలో ఏం అడగాలి?

పద్దుల_పరిశీలన అడిగిన ప్రశ్న

ఆయుధాలు, డ్యూయల్ యూజ్ (పౌర, సైనిక అవసరాలు రెండింటికీ పనికొచ్చే) వస్తువుల ఎగుమతి లైసెన్సుల మీద చట్టసభల నిఘా ఏ దేశంలో ఎంత గట్టిగా ఉందో పోలుస్తూ ఒక నోట్ తయారు చేస్తున్నాను. బ్రిటన్ మూడు నెలలకోసారి లెక్కలు ఇస్తోంది. జర్మనీ, అమెరికా ఏటా నివేదికలు ఇస్తున్నాయి. సమాచారం చాలానే ఉంది కానీ లైసెన్సుల విలువకూ కస్టమ్స్ లెక్కకూ ఎక్కడా పొంతన కుదరడం లేదు. రెండు సందేహాలున్నాయి.

ఒకటి, ఈ రెండింటిలో దేన్ని నమ్మాలి? రెండు, సభ్యులు ప్రశ్న వేస్తే "ప్రతి దరఖాస్తునూ దేనికదే క్షుణ్ణంగా పరిశీలిస్తాం" అన్న ఒకే జవాబు వస్తోంది. దాన్ని దాటి అసలు విషయం రాబట్టాలంటే ప్రశ్న ఎలా ఉండాలి?

లైసెన్సు_డెస్క్

లైసెన్సు విలువ అంటే పంపిన సరుకు విలువ కాదండి. ఇంతవరకూ పంపుకోవచ్చని ఇచ్చిన పరిమితి. చాలామంది ఇక్కడే పొరపడతారు. బ్రిటన్‌లో ఒక్కో లావాదేవీకి ఇచ్చే స్టాండర్డ్ ఇండివిడ్యువల్ లైసెన్సు మామూలుగా 2 ఏళ్లు చెల్లుతుంది. అమెరికా విదేశాంగ శాఖ ఇచ్చే శాశ్వత ఎగుమతి లైసెన్సు 4 ఏళ్లు. ఈలోపు కాంట్రాక్టు చేజారవచ్చు, సగం సరుకే వెళ్లవచ్చు. వాడకుండానే గడువు తీరితే కంపెనీ మళ్లీ దరఖాస్తు పెడుతుంది, అదే సరుకు విలువ కొత్త ఏడాది పద్దులోకి మరోసారి ఎక్కుతుంది. అందుకే వరుసగా ఐదేళ్ల లైసెన్సు విలువలు కూడితే వచ్చే మొత్తానికి అర్థం లేదు.

2021లో అమెరికా ప్రతినిధుల సభ విదేశాంగ కమిటీ బయటపెట్టిన పత్రాలు చూడండి. 2020 నవంబరు నుంచి 2021 ఏప్రిల్ వరకు చైనా టెలికాం కంపెనీ హువావేకు సరఫరా చేసే కంపెనీలకు 113 లైసెన్సులు, 6,100 కోట్ల డాలర్లు. చైనా చిప్‌ల తయారీ కంపెనీ ఎస్ఎంఐసీకి సరఫరా చేసేవారికి 188 లైసెన్సులు, దాదాపు 4,200 కోట్ల డాలర్లు. అంత సరుకు వెళ్లిపోయిందని చాలామంది అనుకున్నారు. అవి అనుమతులే. కానీ అంత పెద్ద అనుమతులు ఇచ్చారన్న సంగతి మాత్రం కమిటీ బయటపెట్టకపోతే జనానికి తెలిసేది కాదు. నన్నడిగితే ఆ పత్రాల్లో అసలు విలువైన సమాచారం అదే.

దీనికంటే పెద్ద చిల్లు ఓపెన్ లైసెన్సులు, అంటే ఒకే అనుమతి కింద పలుమార్లు పంపుకునేవి. వాటిలో విలువ ఉండదు, చాలాసార్లు పరిమాణమూ ఉండదు. ఓపెన్ జనరల్ లైసెన్సుకైతే కంపెనీ నమోదు చేసుకుంటే చాలు, ఆ తర్వాత పంపే ఒక్కో ఖేపుకూ విడిగా నిర్ణయం ఉండదు. 2024 సెప్టెంబరులో బ్రిటన్ ఇజ్రాయెల్‌కు ఉన్న సుమారు 350 లైసెన్సుల్లో దాదాపు 30ని నిలిపేసింది. అయితే పలు దేశాలు కలిసి తయారుచేసే ఎఫ్-35 యుద్ధ విమానాల ఉమ్మడి కార్యక్రమానికి వెళ్లే విడిభాగాలను ఆ నిర్ణయం నుంచి మినహాయించింది. అవి ఓపెన్ జనరల్ లైసెన్సు కింద వెళ్తాయి. "350లో 30" అన్న లెక్కలో ఆ విడిభాగాల బరువు ఎక్కడా కనబడదు. విలువ గడి ఖాళీగా ఉంటే దాన్ని సున్నాగా తీసుకోకండి, నోట్‌లో "విలువ తెలియదు" అని విడిగా రాయండి.

కస్టమ్స్_కోడ్

మొదటి సందేహానికి కస్టమ్స్ వైపు నుంచి చెబుతాను. రెండు లెక్కలనూ పక్కపక్కన పెట్టడమే కుదరదు, ఎందుకంటే వర్గీకరణలే వేరు. లైసెన్సు నివేదికలో సైనిక విమానాలు, వాటి భాగాలు సైనిక వస్తువుల నియంత్రణ జాబితాలోని ఎంఎల్10 వర్గం కింద వస్తాయి. కస్టమ్స్ వస్తు కోడ్‌ల జాబితాలో విమాన భాగాలు 8807 కిందికి వెళ్తాయి, 2022కు ముందు ఆ కోడ్ 8803. ప్రయాణికుల విమానం భాగమూ యుద్ధ విమానం భాగమూ అదే కోడ్‌లో ఉంటాయి. ఆయుధాలకంటూ ఉన్న 93వ అధ్యాయంలో తుపాకులు, తూటాలు, బాంబులు దొరుకుతాయి కానీ రాడార్లు, ఇంజిన్లు, సైనిక వాహనాలు వేరే అధ్యాయాల్లో చెదిరి ఉంటాయి. చిప్‌ల సంగతి మరీ కష్టం. చిప్‌ల కోడ్ 8542 చూసి ఏది నియంత్రిత చిప్పో, ఏది మామూలు చిప్పో తేల్చడం అసాధ్యం.

ఇక సాఫ్ట్‌వేరు, డ్రాయింగులు, సాంకేతిక సమాచారం ఈమెయిల్‌లోనో సర్వర్ ద్వారానో వెళ్లిపోతాయి. వాటికి లైసెన్సు కావాలి, కానీ కస్టమ్స్ ప్రకటన అన్నదే ఉండదు.

గమ్యం దగ్గర కూడా తిరకాసుంది. ఒక దేశంలో బిగించి మూడో దేశానికి తిరిగి పంపే భాగాలైతే కస్టమ్స్ లెక్క మొదటి దేశం పేరే చూపుతుంది. అసలు వాడేది ఎవరో లైసెన్సు దరఖాస్తులోనే ఉంటుంది. కాబట్టి కస్టమ్స్ అంకెను సందేహం పుట్టించే సూచనగా వాడండి, రుజువుగా కాదు.

జర్మనీ ఇందులో కొంత నయం. యుద్ధ ఆయుధాల చట్టం కిందికి వచ్చేవాటికి అనుమతులతో పాటు వాస్తవంగా వెళ్లిన సరుకు విలువ కూడా ప్రచురిస్తుంది. మిగతా సైనిక సామగ్రికి మాత్రం లైసెన్సు విలువే దిక్కు.

సభా_నియమాలు

నిఘాను పోల్చేటప్పుడు నివేదిక ఎన్ని పేజీలుందో చూడకండి. చట్టసభకు సంగతి నిర్ణయానికి ముందు తెలుస్తోందా, తర్వాతా అన్నది చూడండి.

ముందే తెలిసే ఏర్పాటు అమెరికాది. ఆయుధ ఎగుమతి నియంత్రణ చట్టం సెక్షన్ 36 ప్రకారం ప్రధాన ఆయుధాలైతే 1.4 కోట్ల డాలర్లు, ఇతర రక్షణ సామగ్రి, సేవలైతే 5 కోట్ల డాలర్లు చేరగానే కాంగ్రెస్‌కు నోటీసివ్వాలి, గడువు 30 రోజులు. నాటో దేశాలకు, జపాన్, ఆస్ట్రేలియా, దక్షిణ కొరియా, ఇజ్రాయెల్, న్యూజిలాండ్‌లకు ఆ పరిమితులు 2.5 కోట్లు, 10 కోట్లు, గడువు 15 రోజులు. వినడానికి గట్టిగానే ఉంది. కానీ అధ్యక్షుడి సంతకం లేకుండా కాంగ్రెస్ ఒక్కటే ప్రభుత్వ నిర్ణయాన్ని కొట్టేయడం చెల్లదని సుప్రీంకోర్టు 1983లో చద్దా కేసులో ఇచ్చిన తీర్పు తర్వాత కాంగ్రెస్ ఆపాలంటే అధ్యక్షుడి ముందుకు వెళ్లే ఉమ్మడి తీర్మానమే దారి. ఆయన వీటో చేస్తే మూడింట రెండొంతుల బలం కావాలి. 2019లో ట్రంప్ ప్రభుత్వం అత్యవసర పరిస్థితి పేరుతో గడువును పక్కనపెట్టి సౌదీ, యూఏఈ తదితర దేశాలకు సుమారు 810 కోట్ల డాలర్ల అమ్మకాలు ముందుకు నడిపినప్పుడు ఉభయ సభలూ తీర్మానాలు నెగ్గించాయి, వీటో దాటలేకపోయాయి.

ఆ వివాదం మీద విదేశాంగ శాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ (శాఖలోని స్వతంత్ర తనిఖీ అధికారి) 2020లో ఇచ్చిన నివేదికను నోట్‌లో తప్పక చేర్చండి. సౌదీ అరేబియా, యూఏఈలకు సంబంధించి పరిమితి లోపల ఉన్నందున కాంగ్రెస్‌కు చెప్పనక్కర్లేకుండా ఆమోదించిన బదిలీలు 4,221, అంచనా విలువ 1,120 కోట్ల డాలర్లు. విలువ పరిమితి పెట్టిన ప్రతి చోటా దాని కింద ఎంత పేరుకుందో మొత్తంగా అడిగే హక్కు కూడా ఉండాలి. లేకపోతే ఆ పరిమితే చీకటి గదికి తలుపవుతుంది.

స్వీడన్‌లో పార్టీల ప్రతినిధులున్న ఎగుమతి నియంత్రణ మండలిని నిర్ణయానికి ముందు సంప్రదిస్తారు, చర్చ మాత్రం గోప్యం. నెదర్లాండ్స్‌లో కొన్ని దేశాలకు 20 లక్షల యూరోలు దాటిన పూర్తి ఆయుధ వ్యవస్థల అనుమతులను రెండు వారాల్లో పార్లమెంటుకు తెలపాలి. జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం 2014 అక్టోబరులో గీత గీసింది: తీసుకున్న నిర్ణయం గురించి అడిగితే ప్రభుత్వం చెప్పాలి, ఇంకా నడుస్తున్న చర్చను బయటపెట్టనక్కర్లేదు.

బ్రిటన్‌లో అంతా తర్వాతే. పైగా అక్కడ చాలాకాలం నాలుగు సెలెక్ట్ కమిటీలు (శాఖల పనితీరు చూసే పార్లమెంటు కమిటీలు) కలిసి కూర్చుని ఈ పని చూసేవి. 2024లో ఆ ఏర్పాటు పోయి బాధ్యత బిజినెస్ అండ్ ట్రేడ్ కమిటీకి వెళ్లింది. పాత నివేదికలు వెతికేటప్పుడు ఇది గుర్తుంచుకోండి.

పద్దుల_పరిశీలన

చాలా స్పష్టంగా చెప్పారు, ధన్యవాదాలు. 4,221 సంగతి నోట్‌లో పైనే పెడతాను. ప్రశ్న ఎలా రాయాలో కూడా ఎవరైనా చెబుతారా? వాణిజ్య గోప్యత అడ్డం చెబితే ఏం చేయాలి?

సభా_నియమాలు

"ఫలానా దేశానికి ఆయుధాలు పంపుతున్నారా" అని అడిగితే మీరన్న ఆ జవాబే వస్తుంది. అభిప్రాయం అడగకండి, ఫైల్లో ఉండి తీరాల్సిన సంగతి అడగండి. ఉదాహరణకు ఇలా:

"గత త్రైమాసికం చివరి రోజు నాటికి ఫలానా దేశం తుది గమ్యంగా చెల్లుబాటులో ఉన్న లైసెన్సులు ఎన్ని? వాటిలో ఓపెన్ లైసెన్సులు ఎన్ని? ఒక్కోదానికి జారీ తేదీ, గడువు తేదీ, వస్తు వర్గం, తుది వినియోగదారు సైన్యమా, పోలీసా, ప్రైవేటు సంస్థా? ఈ కాలంలో తిరస్కరించినవి, సవరించినవి, రద్దు చేసినవి ఎన్ని, ఏ ప్రమాణం కింద?"

"చెల్లుబాటులో ఉన్న" అన్న మాట వదలకండి. "జారీ చేసిన" అని అడిగితే మూడేళ్ల కిందట ఇచ్చి ఇంకా నడుస్తున్న లైసెన్సు జవాబులోకి రాదు.

ఇక ప్రమాద అంచనా గురించి. 2019 జూన్ 20న బ్రిటన్ అప్పీలు కోర్టు సౌదీ లైసెన్సుల కేసులో తప్పుపట్టింది దీన్నే: యెమెన్‌లో గతంలో జరిగిన దాడులు అంతర్జాతీయ మానవతా చట్టాన్ని ఉల్లంఘించాయా లేదా అన్న నిర్ధారణకు వచ్చే ప్రయత్నమే ప్రభుత్వం చేయలేదు. కాబట్టి "ప్రమాదం ఉందా" అనకండి. "గత ఘటనల్లో ఎన్నింటిని పరిశీలించారు, ఎన్నింటిపై నిర్ధారణ రాశారు, ఎన్నింటిపై రాయలేదు" అని అడగండి. దీనికి జవాబు అంకె రూపంలోనే రావాలి.

వాణిజ్య గోప్యత అని అడ్డం చెబితే కంపెనీ పేరు, యూనిట్ ధర వదిలేయండి. విలువను శ్రేణుల్లో అడగండి. వర్గం, గమ్యం, తుది వినియోగదారు రకం చెబితే పోటీదారుకు ఒరిగేదేమీ లేదు. అమెరికాలో డ్యూయల్ యూజ్ లైసెన్సుల సమాచారాన్ని 2018 నాటి ఎగుమతి నియంత్రణ సంస్కరణ చట్టం బహిరంగం కాకుండా కాపాడుతుంది. కానీ సంబంధిత కమిటీ ఛైర్మన్ గానీ, ప్రతిపక్ష సీనియర్ సభ్యుడు గానీ అడిగితే కమిటీకి ఇవ్వాల్సిందే. అక్కడ సంతకం ఎవరిదన్నదే ముఖ్యం. మామూలు సభ్యుడి లేఖకు ఆ బలం లేదు.

లైసెన్సు_డెస్క్

ఒక్కటి కలుపుతాను. అదే ప్రశ్నను ప్రతి త్రైమాసికం అక్షరం మారకుండా వేయించండి, మాట మారితే వర్గీకరణ మారిందన్న సాకు దొరుకుతుంది. ప్రచురించిన లెక్కల్ని తర్వాత సవరిస్తుంటారు కూడా. ఫైలు దింపుకున్న తేదీని పట్టిక మీదే రాసి, పాత ప్రతిని చెరపకుండా ఉంచుకోండి.