వేడి సాంబారు, ప్లాస్టిక్ కవరు, కొవ్వు కణాలు: నిజమెంత?

మారతహళ్లి మామ:
మా ఆవిడకి ఐదో నెల. పొద్దున వండే ఓపిక ఉండటం లేదని కింద ఉన్న దర్శిని (బెంగళూరులో నిలబడి తినే చిన్న టిఫిన్ హోటల్) నుంచి టిఫిన్ పార్సిల్ తెస్తున్నాను. పొగలు కక్కే సాంబారు పల్చటి కవర్లో పోసి, మూతి మెలిపెట్టి రబ్బరు బ్యాండు వేస్తారు. ఇంటికొచ్చేసరికి కవరు మెత్తబడి సాగుతుంటుంది. ప్లాస్టిక్‌లోని కెమికల్స్ వల్ల పుట్టబోయే బిడ్డకి కొవ్వు కణాలు పెరుగుతాయని ఎక్కడో చదివి ఆవిడకి టెన్షన్. మా అత్తగారేమో "మేం తిన్లేదా?" అంటున్నారు. తిండికీ కొవ్వుకీ లంకె తెలుసు, ప్లాస్టిక్‌కేం లంకె? పెళ్లయ్యాక పెరిగిన నా పొట్ట కూడా దీని ఖాతాలో వేయొచ్చా?

ఎర్రచుక్క:
ఇక్కడే ఒక ల్యాబులో కణాలు పెంచడం నా ఉద్యోగం. ఎలుక నుంచి వచ్చిన 3టీ3-ఎల్1 కణాలని ఉన్నాయి. ఇంకా కొవ్వు కణాలు కాలేదు, కాగలవు. ఇన్సులిన్, డెక్సామెథసోన్ వగైరా కలిపి పోస్తే, సన్నగా సాగి ఉన్నవి కొద్దిరోజుల్లో గుండ్రబడి లోపల కొవ్వు బొట్లు నింపుకుంటాయి. ఆయిల్ రెడ్ ఓ రంగు వేసి మైక్రోస్కోపులో చూస్తే ఆవకాయ మీద తేలిన నూనెలా ఎర్రగా మెరుస్తాయి.

ఈ మార్పుకి స్విచ్ పీపీఏఆర్-గామా అనే ప్రొటీన్. షుగరుకి వాడే పయోగ్లిటజోన్ పనిచేసేదీ దీనిమీదే, ఆ మాత్రతో కొందరు బరువు పెరగడం డాక్టర్లకి కొత్త కాదు. ఒకప్పుడు ఓడల రంగుల్లో కలిపిన ట్రైబ్యూటిల్ టిన్ కూడా ఈ స్విచ్ నొక్కుతుంది. కాలిఫోర్నియాలో బ్రూస్ బ్లంబర్గ్ బృందం కడుపుతో ఉన్న ఎలుకలకి అది ఇస్తే, పిల్లల్లో కొవ్వు ఎక్కువ చేరిందని 2006లో చూపించింది. ఇలాంటివాటినే ఒబెసోజెన్లు అంటున్నారు. పీవీసీని మెత్తబరిచే డీఈహెచ్‌పీ ఒంట్లో విరిగితే వచ్చే ఎంఈహెచ్‌పీ కూడా ఈ బాపతే.

మీ సాంబారు కవరు మామూలుగా పీవీసీ కాదు, పాలిథీన్. అయినా నేను నిశ్చింతగా ఉండమనను. నార్వేలో మార్టిన్ వాగ్నర్ బృందం రోజూ వాడే 34 ప్లాస్టిక్ వస్తువుల్లోంచి రసాయనాలు లాగి ఇలాంటి కణాల మీద పోస్తే, దాదాపు మూడో వంతు వస్తువులవి కొవ్వు కణాలు తయారు చేశాయి. అదీ కొన్ని గట్టి ప్లాస్టిక్‌ల తయారీలో వాడే బీపీఏ లాంటి పేరుమోసిన రసాయనాల వల్లే అని చెప్పడానికి లేదు. "బీపీఏ ఫ్రీ" లేబుల్‌ని నేను పెద్దగా లెక్కచేయనిది అందుకే.

కానీ ల్యాబు పళ్లెంలోని కణం వేరు, కడుపులోని బిడ్డ వేరు. మనుషుల మీద వచ్చిన అధ్యయనాలు ఎక్కువగా మూత్రంలో రసాయనాలు కొలిచి బరువుతో పోల్చినవే. ప్యాకెట్ తిండి ఎక్కువ తినేవాళ్లకి ప్లాస్టిక్ కూడా ఎక్కువే అందుతుంది కదా, దేనివల్ల ఏదో ఎలా విడదీస్తాం?

కోరమంగళ బ్రహ్మచారి:
కర్ణాటకలో 2025లో ఇడ్లీ పళ్లాల్లో బట్టకి బదులు ప్లాస్టిక్ షీటు వేయొద్దని నిషేధం పెట్టారు. మా వీధిలో మళ్లీ బట్ట వచ్చింది, ఇడ్లీ అడుగున నేత గళ్లు కనబడుతున్నాయి. మరి 20 లీటర్ల నీళ్ల క్యాన్ సంగతేంటి?

ఎర్రచుక్క:
గట్టి నీలం క్యాన్లలో చాలావరకు పాలికార్బనేట్, అంటే బీపీఏతో చేసిందే. 1993లో స్టాన్‌ఫర్డ్‌లో పాలికార్బనేట్ ఫ్లాస్కుల్ని ఆటోక్లేవ్‌లో (ఆవిరి ఒత్తిడితో క్రిములు చంపే ల్యాబు కుక్కర్ లాంటిది) వేడిచేస్తే నీళ్లలోకి బీపీఏ దిగి వాళ్ల ప్రయోగాన్నే తికమక పెట్టింది. క్యాన్ బాల్కనీ ఎండలో పెట్టకండి, చాలు. బీపీఏ ఒంట్లో పేరుకుపోదు, చాలావరకు ఒకరోజులో మూత్రంలో పోతుంది. కాబట్టి నిన్న తిన్నదానికి బెంగ అక్కర్లేదు. వేడిదీ నూనెదీ మాత్రం స్టీల్లోనే తెచ్చుకోండి.

మామగారూ, మీ పొట్టకి ప్లాస్టిక్‌ని ఇరికించకండి. కొవ్వు కణాల సంఖ్య చిన్నతనంలో, టీనేజీలో ఖాయమవుతుందనీ, పెద్దయ్యాక ఏటా 10 శాతం చచ్చి అన్నే కొత్తవి వస్తాయనీ స్వీడన్ వాళ్లు 2008లో లెక్కతేల్చారు. నేను కడుపుతో ఉన్నవాళ్ల దగ్గరే ఇంత పట్టుబట్టేది అందుకే. పొట్ట గురించి మీ దర్శిని బెన్నె (వెన్న) దోశని అడగండి.

మారతహళ్లి మామ:
అడిగాను, నోరు విప్పట్లేదు. ఇవాళ స్టీలు క్యారియర్ పట్టుకెళితే సర్వర్ ఇంకో గరిటె ఎక్కువే పోశాడు. మూత సందులోంచి సాంబారు బండి సీటు మీదకి కారింది. లీకు కాని క్యారియర్ ఎక్కడ దొరుకుతుందో చెప్పండి బాబూ.