11 ఏళ్ల మా అమ్మాయికి కార్ట్ రేసింగ్ నేర్పించాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

నెల్లూరు నాన్న (ప్రశ్న)

నమస్కారం. మాది నెల్లూరు. నేనూ, నా భార్యా ఇద్దరమూ ఉపాధ్యాయులం. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ (విద్యుత్ రేసు కార్ల) పోటీ జరిగినప్పుడు మేము హైదరాబాద్‌లో మా అక్కగారింట్లో ఉన్నాము. ఆ మర్నాడు మా బావగారు పిల్లలందరినీ కార్టింగ్‌కు (పైకప్పు లేని చిన్న రేసు బండ్లు నడిపే చోటికి) తీసుకువెళ్లి, మా అమ్మాయిని రెండు సీట్ల బండిలో పక్కన కూర్చోబెట్టుకుని తిప్పారు. ఆ రోజు పుట్టిన ఆసక్తి ఇప్పటికీ తగ్గలేదు. ఇప్పుడు తనకు 11 ఏళ్లు. సెలవులకు ఏ ఊరు వెళ్లినా అక్కడ కార్టింగ్ ఉన్నదేమో కనుక్కోమంటుంది, నడిపిన ప్రతిసారీ ల్యాప్ టైములు (ట్రాక్ ఒక చుట్టు తిరగడానికి పట్టిన సమయాలు) ఒక నోటు పుస్తకంలో రాసుకుంటుంది. అద్దె బండ్ల మీద ఇప్పటికి పది పన్నెండు సార్లు నడిపి ఉంటుంది.

నిజంగా పోటీలలో పాల్గొనాలని తన కోరిక. నాకు ఈ రంగం గురించి ఏమీ తెలియదు. ఈ వయసులో మొదలుపెట్టడం ఆలస్యమైనట్టా? మా పరిచయస్తులొకరు పాత రేసు కార్ట్ ఒకటి అమ్మకానికి ఉన్నదని ఫొటోలు పంపారు. ఇంజను మీద రోటాక్స్ 125 అని ఉన్నది. ధర కూడా మేము ఎలాగో భరించగలిగేదే. తీసుకోవచ్చా? అన్నిటికన్నా ముఖ్యంగా, 2020లో హైదరాబాద్ శివార్లలో ఒక యువతి జుట్టు కార్ట్ చక్రంలో చిక్కుకుని ప్రాణం కోల్పోయిన వార్తను నా భార్య మరిచిపోలేకపోతున్నది. మా అమ్మాయిది నడుము దాకా ఉండే జడ. అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

మూడో మలుపు (సమాధానం)

నెల్లూరు నాన్న గారికి నమస్కారం. నేను కొన్నేళ్లు కార్ట్ పోటీలలో పాల్గొన్నాను, ఇప్పుడు వారాంతాలలో పిల్లలకు నేర్పుతున్నాను. మొదట ఒక్క మాట: ఆ బండి కొనకండి. అది మంచిదా చెడ్డదా అన్నది తరువాతి సంగతి. కొత్తగా వచ్చేవారికి కావలసింది ట్రాక్ మీద గడిపే గంటలు. ఇంట్లో కార్ట్ ఉంటే ఆ గంటలు పెరుగుతాయని అనుకుంటాము గానీ, దాన్ని మోసుకువెళ్లే వాహనం, చూసుకునే మెకానిక్కు, విడిభాగాలు లేక చాలా బండ్లు గ్యారేజీలలో దుమ్ము పట్టి ఉండిపోవడం నేను చూశాను. ఆ డబ్బును శిక్షణకు ఖర్చు పెట్టండి.

వయసు గురించి దిగులు అవసరం లేదు. లూయిస్ హామిల్టన్ 8 ఏళ్లకే మొదలుపెట్టిన మాట నిజమే. కానీ 2005లో ఫార్ములా వన్‌లో అడుగుపెట్టిన తొలి భారతీయుడు, కోయంబత్తూరుకు చెందిన నారాయణ్ కార్తికేయన్, 1992లో ఫ్రాన్స్‌లోని విన్‌ఫీల్డ్ రేసింగ్ పాఠశాలకు వెళ్లేనాటికి 15 ఏళ్లవాడు. మన దేశంలో రోటాక్స్ కంపెనీ ఇంజన్లతో జరిగే రోటాక్స్ మ్యాక్స్ జాతీయ కార్ట్ పోటీలలో చిన్నపిల్లలకు మైక్రో, ఆ పైన జూనియర్, ఇంకా పెద్దవారికి సీనియర్ అని విభాగాలు ఉంటాయి. మీ అమ్మాయి మొదటి రెండింటి నడుమ వయసులో ఉన్నది కనుక ఏ విభాగానికి సిద్ధం కావాలో ఆ ఏడాది నిబంధనలు చూసి కోచ్ చెబుతారు.

ఇక నేర్చుకోవడం దగ్గరకు వద్దాము. అద్దె బండిని చిన్నచూపు చూడకండి. దానిలో నాలుగు స్ట్రోకుల ఇంజను, చుట్టూ రక్షణ కమ్మీలు ఉంటాయి. బరువు రేసు కార్ట్‌కు దాదాపు రెట్టింపు. బరువెక్కువ, శక్తి తక్కువ కాబట్టి ఒక మలుపులో పోగొట్టుకున్న వేగం మళ్లీ రావడానికి చాలా దూరం పడుతుంది. అంటే, తప్పు చేస్తే ఆ బండి దాచిపెట్టదు, వెంటనే టైములో చూపిస్తుంది. ఇలాంటి కార్ట్‌కు మార్చే గేర్లు, క్లచ్ పెడల్ ఉండవు. ఎడమ కాలు బ్రేకుకు, కుడి కాలు యాక్సిలరేటరుకు. ఈ రెండూ ఒకేసారి నొక్కకూడదన్నది మొదటి పాఠం. ఇలాంటి కార్ట్‌లలో బ్రేకు వెనుక చక్రాలకే ఉంటుంది. అందువల్ల బండి తిన్నగా ఉన్నప్పుడే బ్రేకు పని పూర్తి చేసుకుని, ఆ తరువాతే స్టీరింగు తిప్పాలి. మలుపు మధ్యలో గట్టిగా బ్రేకు తొక్కితే వెనుక భాగం జారి బండి గిర్రున తిరిగిపోతుంది.

మరో ముఖ్య విషయం ఏమిటంటే, కారులో ఉన్నట్టు కార్ట్‌లో డిఫరెన్షియల్ (రెండు చక్రాలను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల అమరిక) ఉండదు; వెనుక రెండు చక్రాలూ ఒకే ఇనుప ఇరుసుకు బిగించి ఉంటాయి కాబట్టి రెండూ ఒకే వేగంతో తిరుగుతాయి. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం వెళ్లవలసి ఉండగా రెండూ కలిసి తిరిగితే బండి మలుపు తిరగకుండా మొండికేస్తుంది. దీనికి మార్గం ఒక్కటే: లోపలి వెనుక చక్రం నేల మీద నుంచి వెంట్రుకవాసి పైకి లేవాలి. ముందు చక్రాల అమరిక, ఛాసిస్ (బండి అడుగు చట్రం) గొట్టాలు కొద్దిగా వంగే గుణం, నడిపేవారి శరీర బరువు మూడూ కలిసి ఆ పని చేస్తాయి. అందుకే స్టీరింగును ఒక్క కుదుపున కాక, నిలకడగా, ఒకే ఊపులో తిప్పడం నేర్పిస్తాము. టైర్లు కీచుమంటూ బండి పక్కకు జారుతుంటే చూసేవారికి వేగంగా వెళ్తున్నట్టు ఉంటుంది గానీ, ఆ జారుడులో పోయేది వేగమే.

మీ అమ్మాయి టైములు రాసుకుంటున్నదని చదివి చాలా సంతోషించాను. ఆ పుస్తకంలో టైము పక్కన ఒక వాక్యం కూడా రాయమనండి: ఏ మలుపులో బ్రేకు ఎక్కడ తొక్కింది, బయటికి వచ్చేటప్పుడు ట్రాక్ అంచు దాకా వెళ్లగలిగిందా లేదా అని. ఒక్కో సెషన్‌కు ఒక్క మలుపునే ఎంచుకోవడం మంచిది.

అందరూ మీకు హైదరాబాద్, బెంగళూరు పేర్లే చెబుతారు. బెంగళూరులో మెకో కార్టోపియా అనే ట్రాక్ ఉన్నది, అక్కడ జాతీయ స్థాయి పిల్లలు సాధన చేస్తారు. అయినా నెల్లూరు వారికి దగ్గర చెన్నై. శ్రీపెరుంబుదూరు వైపు ఇరుంగాట్టుకోట్టైలో మద్రాస్ ఇంటర్నేషనల్ కార్టింగ్ అరీనా వచ్చింది. తెల్లవారుజామున బయలుదేరితే సాధన ముగించుకుని రాత్రికి ఇల్లు చేరవచ్చు. ఒకసారి అక్కడికి వెళ్లి, శిక్షణ ఇచ్చేవారితో మాట్లాడి, పోటీ కార్ట్‌ను ఒక పూట అద్దెకు తీసుకుని నడిపించి చూడండి. ఆ తరువాతి మెట్టు పోటీ లైసెన్సు. దాన్ని మన దేశపు మోటారు క్రీడల సమాఖ్య, అంటే ఎఫ్ఎంఎస్‌సీఐ, ఇస్తుంది. ఈ సంవత్సరమే దాని గురించి తొందరపడనవసరం లేదు.

పానా పట్టినవాడు (సమాధానం)

నేను మెకానికల్ ఇంజనీరును. కాలేజీలో ఉండగా మా జట్టుతో కలిసి విద్యార్థుల గో-కార్ట్ పోటీకి బండి తయారు చేశాను, ఆ తరువాత రెండేళ్లు ఒక కార్ట్ జట్టులో పనిచేశాను. మూడో మలుపు గారు బండి కొనవద్దన్నారు. దానికి సాంకేతికమైన కారణం కూడా ఉన్నది. మీరు చెప్పిన 125 ఇంజను రెండు స్ట్రోకులది, నీటితో చల్లబడేది. సీనియర్ విభాగంలో దాని శక్తి సుమారు 30 హార్స్‌పవర్ ఉంటుంది. ఆ సీనియర్ ఇంజను బిగించిన బండి అయితే పెద్దవారి ఛాసిసే అయి ఉంటుంది. ముందు ఇరుసుకూ వెనుక ఇరుసుకూ మధ్య దూరం పిల్లల ఛాసిస్‌లో 950 మిల్లీమీటర్లు, పెద్దవారి ఛాసిస్‌లో దాదాపు 1040. మీ అమ్మాయి కాళ్లు పెడళ్లకు అందవు, సీటు వదులవుతుంది. కార్ట్‌లో సీటు వదులుగా ఉండటం చిన్న లోపం కాదు. స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు లేని బండిలో నడిపేవారి బరువు సీటు ద్వారానే ఛాసిస్‌కు చేరుతుంది. సీటులో శరీరం అటూఇటూ కొట్టుకుంటే బండి సరిగా తిరగదు, పక్కటెముకలు కూడా దెబ్బతింటాయి. కార్ట్ నడిపేవారికి ఎక్కువగా తగిలే దెబ్బ పక్కటెముకలకే. అందుకే మొదటి రోజు నుంచే పక్కటెముకల రక్షణ కవచం వేయించండి.

ఇప్పుడు మీ శ్రీమతిగారి భయం గురించి. ఆ భయం సమంజసమైనది, దాన్ని కొట్టిపారేసేవారి దగ్గర మీ అమ్మాయిని నేర్చుకోనివ్వకండి. కార్ట్‌లో ఇంజను, గొలుసు, తిరిగే ఇరుసు అన్నీ నడిపేవారి వెనుక, జానెడు దూరంలో ఉంటాయి. వేగంగా వెళ్లేటప్పుడు ఇరుసు నిమిషానికి వెయ్యికి పైగా చుట్లు తిరుగుతుంది. దానికి ఒక వెంట్రుకల పాయ గానీ, చున్నీ కొస గానీ చుట్టుకుంటే లాక్కోవడానికి సెకను కూడా పట్టదు, కాలు బ్రేకు మీదకు చేరేలోగానే అంతా జరిగిపోతుంది. కాబట్టి జడను మడిచి, ముడి వేసి, తలకూ మెడకూ పూర్తిగా తొడిగే బాలాక్లావా లోపల పెట్టి, దాని మీద హెల్మెట్ పెట్టుకోవాలి. హెల్మెట్ కింద నుంచి జడ చొక్కా లోపలికి దోపుకుంటే సరిపోతుందని కొందరు అంటారు. సరిపోదు, వంగినప్పుడు బయటికి వస్తుంది. చున్నీ, వదులు చొక్కా, మెడలో గొలుసు, విప్పిన బూటు లేసులు ఏవీ ఉండకూడదు. మీరు స్వయంగా బండి వెనుకకు వెళ్లి ఇరుసుకు, గొలుసుకు, ఇంజనుకు మూతలు ఉన్నాయో లేవో చూడండి. లేకపోతే డబ్బు కట్టినా సరే, వెనక్కు వచ్చేయండి.

ఇంకొకటి. అద్దె బండిలో సీటు బెల్టు ఉండి, రేసు కార్ట్‌లో లేకపోవడం చూసి మీరు కంగారు పడవచ్చు. రేసు కార్ట్‌కు పైన కాపాడే చట్రం ఉండదు. అది బోల్తా పడితే నడిపేవారు బండి కింద ఇరుక్కోకుండా దూరంగా పడటమే మేలని బెల్టు పెట్టరు. దానికి బదులుగా పిల్లల హెల్మెట్, ఒరిపిడికి తట్టుకునే పూర్తి సూటు, చేతి తొడుగులు, చీలమండలు కప్పే బూట్లు తప్పనిసరి. హెల్మెట్ మాత్రం పాతది కొనకండి. ఒకసారి దెబ్బ తిన్న హెల్మెట్ లోపలి పొర పైకి కనబడకుండానే పాడైపోయి ఉంటుంది.

నెల్లూరు నాన్న

ఇద్దరికీ మా దంపతుల కృతజ్ఞతలు. ఆ బండి వద్దని ఈ ఉదయమే చెప్పేశాను. మీ సమాధానాలను మా ఇంట్లో పైకి చదివాను. ఇరుసు గురించి రాసినది నా భార్య రెండుసార్లు చదివించుకున్నది. మూతలు చూడటానికి తానే వస్తానన్నది. దసరా సెలవులలో చెన్నై వెళ్లాలని నిర్ణయించుకున్నాము. ఇద్దరి జీతాల మీద నడిచే ఇల్లు మాది. ఖర్చు ఎక్కడెక్కడ పెరుగుతుందో, చదువుతో ఎలా కుదురుతుందో పిల్లలను పోటీలకు పంపినవారెవరైనా చెబితే మేలు.

అనంత అమ్మ (సమాధానం)

మాది అనంతపురం. బెంగళూరులో స్థిరపడ్డాము. మా అబ్బాయి మూడేళ్లు కార్ట్ పోటీలలో పాల్గొన్నాడు. ఖర్చు విషయం దాచకుండా చెబుతాను. అద్దె బండ్లతో సాధన చేసినంత కాలం మధ్యతరగతి వారు తట్టుకోగలరు. పోటీ కార్ట్ శిక్షణ అంతకు కొన్ని రెట్లు. జాతీయ పోటీలలో ఒక ఏడాది పాల్గొంటే ఖర్చు లక్షలలోకి వెళుతుంది. మొదట ఇంజను ధర చూసి భయపడ్డాము గానీ మమ్మల్ని కుంగదీసినవి టైర్లు. మెత్తని రబ్బరు కావడం వల్ల అవి త్వరగా పట్టు కోల్పోతాయి, పోటీ పోటీకీ కొత్త జత కావాలి. ఆ తరువాత ప్రయాణాలు, బసలు, మెకానిక్కు రుసుము. చాలామంది చేసేది ఏమిటంటే, సొంత బండి లేకుండా ఒక జట్టుకు రుసుము కట్టి, వారి కార్ట్‌నే నడిపిస్తారు. పెరిగే పిల్లలకు ఇదే సరైన దారి, ఎందుకంటే ఏడాది తిరిగేసరికి సీటు బిగుతవుతుంది, రెండేళ్లకు ఛాసిసే మారిపోతుంది. మీరు ఏ జట్టుతోనైనా మాట్లాడేటప్పుడు, ఢీకొని ఇరుసు వంగినా, ఛాసిస్ పగిలినా ఆ ఖర్చు ఎవరు భరించాలో కాగితం మీద రాయించుకోండి. మేము రాయించుకోలేదు. మొదటి ఏడాదే అందుకు మూల్యం చెల్లించాము.

చదువు సంగతి: పోటీలు వారాంతాలలోనే జరిగినా, సాధన శుక్రవారమే మొదలవుతుంది. మేము ఏడాది ఆరంభంలోనే ప్రధానోపాధ్యాయురాలిని కలిసి తేదీలు ఇచ్చాము. మీరిద్దరూ ఉపాధ్యాయులు కనుక ఇది మీకు నాకన్నా బాగా తెలుస్తుంది.

నేను చేసిన తప్పు ఒకటి చెబుతాను. ప్రతి సెషన్‌లో కంచె పక్కన స్టాప్‌వాచ్ పట్టుకుని నిలబడేదాన్ని, బండి దిగగానే నా నోటి నుంచి వచ్చే మొదటి మాట టైమే. కొన్ని నెలలకు మా వాడు ప్రతి మలుపులోకీ అతి వేగంగా దూసుకుపోయి, జారి, టైము ఇంకా పోగొట్టుకోవడం మొదలుపెట్టాడు. కోచ్ నన్ను పక్కకు పిలిచి, సాధన జరిగే వేళ ట్రాక్ కనబడని చోట కూర్చోమని మర్యాదగా అడిగారు. కూర్చున్నాను. రెండు వారాలలో వాడి చేతులు మళ్లీ నెమ్మదించాయి. ఇంటికి వెళ్లేదారిలో తనంతట తానే కబుర్లు చెప్పడం మొదలుపెట్టాడు.

మీ అమ్మాయికి వడోదరకు చెందిన మీరా ఎర్డా గురించి చెప్పండి. కార్టింగ్‌తో మొదలై, ఫార్ములా కార్ల పోటీల దాకా వెళ్లింది. ట్రాక్‌లో చాలాసార్లు మీ అమ్మాయి ఒక్కతే ఆడపిల్ల కావచ్చు. అందుకు ముందే సిద్ధం చేయండి, బట్టలు మార్చుకునే గది, శుభ్రమైన మరుగుదొడ్డి ఉన్నాయో లేదో ముందే ఫోను చేసి అడగండి. చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, రోజంతా నీళ్లు తాగకుండా ఎండలో నడిపిన ఆడపిల్లలను నేను చూశాను.

మూడో మలుపు (సమాధానం)

అనంత అమ్మ గారు నీళ్ల మాట గుర్తు చేసి మంచి పని చేశారు. దసరా నాటికి కూడా అక్కడ మధ్యాహ్నం ఎండ గట్టిగానే ఉంటుంది, హెల్మెట్, సూటులో పిల్లలు త్వరగా నీరసిస్తారు. ఉదయపు సెషన్లే అడగండి. బండెక్కడానికి రెండు గంటల ముందు రెండు ఇడ్లీలు తిననివ్వండి, ఆ తరువాత కొద్దికొద్దిగా నీళ్లు. బూట్ల అడుగు పలుచగా ఉండాలి, మందంగా ఉంటే పెడల్ ఒత్తిడి కాలికి తెలియదు. మార్షల్ (ట్రాక్ పక్కన నిలబడి సంకేతాలిచ్చే అధికారి) చూపే జెండాల అర్థం ఇంట్లోనే నేర్పండి: పసుపు అంటే ముందు ప్రమాదం ఉన్నది, ఎవరినీ దాటవద్దు, నీలం అంటే వెనుక నుంచి వేగంగా వస్తున్నవారికి దారి ఇవ్వాలి, ఎరుపు అంటే సెషన్ ఆపేశారు, నెమ్మదించి చెప్పిన చోట ఆగాలి. మర్నాడు మెడ, ముంజేతులు నొప్పి పుడతాయి, అది సహజమే. పక్కటెముకల దగ్గర నొప్పి మాత్రం రెండు రోజులకు మించి ఉంటే డాక్టరుకు చూపించండి, అది తగ్గేదాకా మళ్లీ బండెక్కనివ్వకండి. వెళ్లి వచ్చాక ఆ నోటు పుస్తకంలో ఏమి రాసుకున్నదో వీలైతే ఇక్కడ పెట్టండి. ఏ మలుపు దగ్గర ఇబ్బంది పడుతున్నదో చూసి చెబుతాను.