మన ఎండలకు ఏ తేనెపెట్టె నిలుస్తుంది?

బత్తాయి తోట, దేవరకొండ:
నాలుగెకరాల బత్తాయిలో ఎనిమిది పెట్టెలు పెట్టి రెండేళ్లయింది. అన్నీ ఇటలీ ఈగలే, అన్నీ లాంగ్‌స్ట్రాత్ పెట్టెలే, అంటే తీగ లాగిన చట్రాలను పైకి ఎత్తి తీసేవి. నిరుడు ఎనిమిదింటికీ కలిపి దక్కింది నలభై కిలోలు. ఆస్ట్రేలియాలో ఒక్క పెట్టె నుంచే అంతకు మించి తీస్తారని చదివినప్పటి నుంచి మనసు కుదురుగా లేదు. చట్రాలు లేకుండా, పైన పేర్చిన చెక్క పట్టీలకే ఈగలు తుట్టె కట్టుకునే కెన్యా వాళ్ల పట్టీల పెట్టె అయితే మా ఊరి వడ్రంగే చేసి ఇస్తాడు. మార్చేయమంటారా?

అచ్చంపేట నుంచి:
మార్చండి అన్నా. 1970లలో కెన్యాలో ఆ పెట్టె పుట్టిందే చిన్న రైతు కోసం. చట్రం అక్కర్లేదు, తీగ అక్కర్లేదు, తేనె తీసే యంత్రం అసలే అక్కర్లేదు. పట్టీ ఎత్తడం, తుట్టె కోయడం, గుడ్డలో పిండుకోవడం. నా దగ్గర నాలుగున్నాయి. చేతిలో డబ్బు లేని వాడికి అంతకన్నా మంచి దారి లేదు.

పాలమూరు పెట్టెలు:
తొందరపడకండి. నేనూ ఆ పెట్టె చేయించాను. మే నెలలో ఒక మధ్యాహ్నం మూత తీసి చూస్తే రెండు తుట్టెలు పట్టీల నుంచి ఊడి అడుగున పడి ఉన్నాయి. తెల్లటి కొత్త మైనం ఎండకు మెత్తబడి, తేనె బరువుకు జారిపోయింది. రెక్కలు అంటుకుపోయిన ఈగలు తేనెలోనే కొట్టుకుంటున్నాయి. పొద్దు గూకేసరికి చీమలు బారులు కట్టాయి. చట్రంలో తీగ లాగేది ఇందుకే.

కోసి పిండడంలో ఇంకో నష్టం ఉంది. కిలో మైనం కట్టడానికి ఈగలు ఆరు నుంచి ఎనిమిది కిలోల తేనె తింటాయని అంటారు. యంత్రంలో తిప్పి తీస్తే తుట్టె చెక్కుచెదరదు, మళ్లీ వాటికే ఇవ్వచ్చు. 1851లో అమెరికాలో లాంగ్‌స్ట్రాత్ అనే ఆయన పట్టుకున్న కీలకం చెక్క కాదు, సందు. చట్రానికీ గోడకూ మధ్య ఆరు నుంచి తొమ్మిది మిల్లీమీటర్లు. తగ్గితే ఈగలు బంకతో పూడ్చేస్తాయి, పెరిగితే అక్కడే తుట్టె కట్టేస్తాయి. ఆ సందు వల్లే మనం చట్రాన్ని విరగకుండా పైకి తీయగలుగుతున్నాం.

ఇక ఆస్ట్రేలియా. అక్కడి తేనె పెట్టె ఘనత కాదు, యూకలిప్టస్ అడవులది. పూత ఎక్కడుంటే అక్కడికి లారీల్లో పెట్టెలు తోలుకెళతారు. స్లొవేనియాలో పెట్టెలను బీరువాల్లా వెనకనుంచి తెరుస్తారు, ఒక గదిలో వరుసగా పేరుస్తారు. చూడ ముచ్చటే, కానీ అది వాళ్ల చలికీ వాళ్ల ఈగకూ కుదిరిన ఏర్పాటు. మీరు చెప్పండి, బత్తాయి పూత రాలాక పెట్టెలు ఎక్కడికి తీసుకెళ్లారు?

బత్తాయి తోట, దేవరకొండ:
ఎక్కడికీ తీసుకెళ్లలేదు. తోటలోనే ఉంచి పంచదార పాకం పెట్టాను.

పాలమూరు పెట్టెలు:
మీ తేనె అక్కడే పోయింది. పెట్టె మారిస్తే రాదు. బత్తాయి అయ్యాక కానుగ, వేప ఉన్నాయి. నువ్వులు, పొద్దుతిరుగుడు వేసిన ఊళ్లు చూసుకోండి. కానీ మందు కొట్టే చేల పక్కన దింపకండి, ముందు ఆ రైతుతో మాట్లాడండి.

అచ్చంపేట నుంచి:
తుట్టెలు జారిన మాట కాదనను. నాకు జారలేదు, నా పెట్టెలు చింతచెట్టు నీడలో ఉన్నాయి. అయినా నేను చెబుతున్నది ఇటలీ ఈగ గురించి కాదు, మన పుట్ట తేనెటీగ గురించి. దానికి లాంగ్‌స్ట్రాత్ పెట్టె మరీ పెద్దది. అందుకే 1910 ప్రాంతంలో తిరుచిరాపల్లిలో ఫాదర్ న్యూటన్ చిన్న చట్రాల పెట్టె చేశారు. తీగ లాగిన చట్రమే కావాలంటే ఆ న్యూటన్ పెట్టె పెట్టుకోండి. ఏడాదికి ఐదారు కిలోలు ఇస్తే నాకు చాలు. కూలి పని వదిలి ఊరూరా పెట్టెలు మోయలేను. 1991 తర్వాత వచ్చిన థాయ్ శాక్ బ్రూడ్ అనే, ఈగ పిల్లలను చంపే వైరస్ రోగం దక్షిణాదిలో ఈ ఈగను ఊడ్చేసింది. మిగిలినదాన్ని మనమే వద్దనుకుంటే ఎలా?

బత్తాయి తోట, దేవరకొండ:
ఉన్న ఎనిమిదీ అలాగే ఉంచుతాను. మా గట్టు మీది తొర్రలో పుట్ట తేనెటీగలున్నాయి, వాటి కోసం ఒక న్యూటన్ పెట్టె చేయిస్తాను. వేప పూతకు నాలుగు పెట్టెలు తరలించాలి. పగలు తోలవచ్చా? ద్వారం మట్టితో మూస్తే సరిపోతుందా?

పాలమూరు పెట్టెలు:
మట్టి వద్దు, లోపల వేడెక్కి చస్తాయి. చీకటి పడి ఈగలన్నీ లోపలికి చేరాక సన్న జాలీ కొట్టండి. మూత జారకుండా తాడుతో బిగించండి, తెల్లారేలోగా నీడలో దింపి ద్వారం తెరవండి. పక్కనే వెడల్పు మూకుడులో నీళ్లు పోసి, ఈగలు వాలడానికి నాలుగు రాళ్లు వేయండి.