బ్లెండర్‌లో (3డి యానిమేషన్ సాఫ్ట్‌వేర్) గద్వాల్ చీర కుచ్చిళ్లు నిలవడం లేదు, దారి చెప్పగలరా?

అందరికీ నమస్కారం, హైదరాబాద్ నుంచి. నడిచే 3డి పాత్రకి క్లాత్ సిమ్యులేషన్‌తో (గుడ్డ కదలికని లెక్కగట్టే పద్ధతి) గద్వాల్ చీర కట్టాలి. 5.5 మీటర్ల పొడవు, 1.15 వెడల్పు, సెంటీమీటరుకో గడి, అంటే మెష్‌లో (చీర ఆకారాన్నిచ్చే గళ్ల వల) 63 వేల పైచిలుకు ఫేసులు (గళ్లు). స్కేల్ అప్లై చేసే ఉంది. క్వాలిటీ స్టెప్స్ (ఫ్రేముకి ఎన్ని సార్లు లెక్కగట్టాలో) 12, కొలిజన్ క్వాలిటీ (తాకిళ్ల లెక్కకి అలాంటిదే) 5.

అసలు చిక్కు కుచ్చిళ్లతోనే. 7 కుచ్చిళ్లంటే బొడ్డు దగ్గర 14 పొరలు. సెల్ఫ్ కొలిజన్ దూరం (గుడ్డ పొరల మధ్య ఉండాల్సిన కనీస ఎడం) 8 మిల్లీమీటర్లు పెడితే ఆ పొరలకే 11 సెంటీమీటర్ల మందం కావాలి; సిమ్యులేషన్ మొదలవగానే గొడుగులా విచ్చుకుంటున్నాయి. 3కి తగ్గిస్తే బుద్ధిగానే కూర్చుంటాయి గానీ, అడుగు పడగానే మోకాలు తగిలి ఒక మడత ఇంకో మడతలోకి దూరిపోతుంది, ఇక బయటికి రాదు. ట్యుటోరియల్స్ చూద్దామంటే అన్నీ స్కర్టులూ కేపులే!

రెండోది అంచు. గద్వాల్‌లో ఒళ్లు నూలు, అంచు పట్టు, జరీ. అది బిరుసుగా, బరువుగా వేలాడాలి. ప్రాపర్టీ వెయిట్స్‌తో (భాగానికో విలువ ఇచ్చే సెట్టింగ్) బెండింగ్ (వంగనివ్వని బిరుసు) ఒంటికి 0.5, అంచుకి 10 ఇస్తే రెండూ కలిసే గీత వెంబడే విరుగుతోంది. మాస్ (బరువు) లెక్క వెర్టెక్స్‌కి (గడి మూలలోని బిందువుకి) కాబట్టి అంచులో గళ్లు చిక్కగా పెడితే బరువు వస్తుంది, కానీ అంచు సాగిపోతోంది.

2 సెంటీమీటర్ల గడితో సిమ్యులేట్ చేసి, సర్ఫేస్ డిఫార్మ్‌తో (ఒక మెష్ కదలికని ఇంకోదానికి అంటించే మాడిఫైయర్) అసలు మెష్‌కి ఎక్కిస్తే కుచ్చిళ్ల మడత నిలుస్తుందా? పిన్ వెయిట్‌ని (గుడ్డని జారకుండా పట్టి ఉంచే మోతాదు) నడుం నుంచి కిందికి 1 నుంచి 0కి ఎంత దూరంలో తగ్గించాలి? అంచుని వేరే ముక్కగా చేసి సూయింగ్‌తో (ముక్కల్ని కుట్టులా దగ్గరికి లాగే సెట్టింగ్) కలిపినవాళ్లుంటే సెట్టింగ్స్ చెప్పండి. మార్వెలస్ డిజైనర్‌కి (3డి బట్టల సాఫ్ట్‌వేర్) మారమని మాత్రం అనకండి, లైసెన్స్ లేదు.