‘లుకప్’కి ‘వాకబు’ అనొచ్చా?

అందరికీ నమస్కారం. అమలాపురంలో మా అరుగు మీద నలుగురు డిగ్రీ పిల్లలకు పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష తెలుగులో చెబుతున్నాను. క్లాసుకి ‘అచ్చు’, ఆబ్జెక్టుకి ‘వస్తువు’, లుకప్‌కి ‘వెతకడం’ అంటూ నెట్టుకొచ్చాను. క్లాసంటే వస్తువుల్ని తయారుచేసే నమూనా, లుకప్ అంటే వస్తువును ఒక పేరు అడిగితే దాని విలువ ఎక్కడుందో కనుక్కోవడం. మొన్న ‘అచ్చు’ దగ్గర బండి ఆగింది.

పైథాన్ 3లో పేర్లు తెలుగు లిపిలోనే పెట్టుకోవచ్చు. అందుకని ‘పంటు’ (గోదావరి దాటించే పడవ) అనే క్లాసు రాసి, అందులో రేవు = "కోటిపల్లి" అని పెట్టాను. ఆ తర్వాత:

ప = పంటు()
పంటు.రేవు = "సఖినేటిపల్లి"
ప.రేవు

సఖినేటిపల్లి అని వచ్చింది. ఒకమ్మాయి వెంటనే, “ఇటుక కోసేశాక అచ్చు మార్చితే ఇటుక మారదు కదండీ, మరి ఈ పంటు ఎందుకు మారింది?” అంది. న్యాయమైన ప్రశ్న. వస్తువు పుట్టేవరకే ‘అచ్చు’ పనికొస్తుంది. పుట్టాక కూడా క్లాసుతో దానికి రాకపోకలుంటాయన్న సంగతి ఆ మాటలో లేదు. ‘ప’ దగ్గర రేవు అన్న పేరే లేదు, అడిగిన ప్రతిసారీ క్లాసు దగ్గరికెళ్ళి కనుక్కుంటోంది. ప.రేవు = "ముక్తేశ్వరం" అని దానికే సొంతంగా రాసిపెడితే, ఇక రేవు కోసం క్లాసు గడప తొక్కదు.

మన వైపు పెళ్ళిసంబంధం వస్తే ఊరంతా గాలించం. పేరు పట్టుకుని ముందు ఆ ఇంట్లో, తర్వాత వాళ్ళ పెద్దల దగ్గర, వరసగా వాకబు చేస్తాం. సంగతి తెలిసిన చోట ఆపేస్తాం. పైథానూ అంతే: వస్తువు, దాని క్లాసు, ఆ పై క్లాసులు (అది వారసత్వంగా తీసుకున్న మాతృ క్లాసులు), చివరికి అన్నిటికీ మూలమైన ‘ఆబ్జెక్ట్’ క్లాసు. అక్కడా లేకపోతే అట్రిబ్యూట్ ఎర్రర్, అంటే ఆ పేరే లేదన్న జవాబు. ‘వెతకడం’ అంటే ఈ వరస తెలియదు. ‘వాకబు’లో ఉంది.

— వాకబు ఉర్దూ వైపు నుంచి వచ్చిన మాట కదా మాస్టారూ. ‘అన్వేషణ’ అంటే హుందాగా ఉంటుందేమో?

— జిల్లా, దస్తావేజు కూడా అలా వచ్చినవేనండి. అన్వేషణ అంటే ఎక్కడుందో తెలియనిదాని కోసం తిరగడం. ఇక్కడ ఎవరిని ముందు అడగాలో, ఎవరిని తర్వాత అడగాలో ముందే ఖరారై ఉంటుంది.

— రెండు మాతృ క్లాసులుంటే ఆ వరస ఎలాగండీ?

— మేనరికం గుర్తు చేసుకోండి. తండ్రి వైపు నుంచి వెళ్ళినా తల్లి వైపు నుంచి వెళ్ళినా ముత్తాత ఒక్కడే. పైథాన్ 2.3 నుంచి వరస ఇలా కట్టారు: రెండు వైపులవాళ్ళనూ అడిగాకే ఉమ్మడి ముత్తాత దగ్గరికి, అదీ ఒక్కసారే. రెండు వైపుల్లో ఎవరు ముందన్నది క్లాసు రాసేటప్పుడు మనం పెట్టిన వరసే. ఒక్క మినహాయింపు చెప్పాలి: క్లాసులో ఆ పేరుతో ‘ప్రాపర్టీ’ (అడిగినప్పుడల్లా విలువ తేల్చి చెప్పే ఫంక్షన్) రాసి ఉంటే వస్తువు సొంత మాట చెల్లదు, క్లాసుదే పైచేయి.

— మరి ‘అచ్చు’ తీసేసి క్లాసుకి ఏం పెట్టారు?

— ప్రస్తుతానికి క్లాసు అనే అంటున్నాను. ‘తరగతి’ అంటే పిల్లలకు బడే గుర్తొస్తోంది. ‘ఇంటిపేరు’ అనుకున్నాను గానీ, ఇంటిపేరు వస్తువును తయారు చెయ్యదు. పుట్టించడం, పుట్టాక అడిగినప్పుడల్లా జవాబు చెప్పడం, రెండూ పలికే మాట మీకు తడితే రాయండి. రేపటి పాఠానికే వాడతాను.