స్ట్రోక్ ఫాలో-అప్‌కి ఐ63.9 కోడ్ వేస్తే డినయల్ (బీమా తిరస్కరణ) ఎందుకు?

కొత్త కోడర్, తిరుపతి: అమెరికా క్లయింటు చార్టు, ఐసిడి-10-సిఎం (అక్కడి జబ్బుల కోడ్‌ల జాబితా) ప్రకారం వేయాలి. మూడు నెలల కింద ఇస్కీమిక్ స్ట్రోక్ (మెదడుకు రక్తం అందక వచ్చేది), ఇప్పుడు ఓపీకి వచ్చారు. డాక్టరు నోట్‌లో 'స్ట్రోక్ వల్ల ఎడమవైపు వీక్‌నెస్' అని ఉంది. ఐ63.9 వేసిన క్లెయిమ్ తిరిగొచ్చింది. ఏది వేయాలన్నా?

చిత్తూరు ఆడిటర్: ఐ63 అక్యూట్ దశకే, అంటే స్ట్రోక్ అప్పుడే వచ్చినప్పటికే తమ్ముడూ. డిశ్చార్జ్ అయ్యాక లోపం మిగిలితే ఐ69, ఏమీ మిగలకపోతే జడ్86.73. ఒకవైపు వీక్‌నెస్ స్ట్రోక్ వల్లేనని డాక్టరు రాశారు కాబట్టి దాన్ని హెమిపరేసిస్‌గానే (ఒళ్లు ఒకవైపు బలహీనపడటం) తీసుకోవాలి, విడిగా ఆర్53.1 (మామూలు వీక్‌నెస్ కోడ్) వద్దు.

ఇక చేతివాటం, అంటే రోగి ఏ చేతిని ఎక్కువ వాడతారన్నది. చార్టులో లేకుంటే ఎడమవైపు నాన్-డామినెంట్ (వాటం కాని వైపు), కుడివైపు డామినెంట్ (వాటమైన వైపు). అంటే నీకు ఐ69.354. రోగి ఎడమచేతివాటం అని డాక్టరు రాసుంటే ఐ69.352 అవుతుంది, థెరపీ నోట్‌లో మాత్రమే కనబడితే డాక్టరుకు క్వెరీ పెట్టు, ఊహించి మాత్రం వేయొద్దు.

కొత్త కోడర్, తిరుపతి: అదే బ్యాచ్‌లో పార్కిన్సన్స్‌కి జి20 కూడా రిజెక్టయింది.

రేణిగుంట అక్క: 2023 అక్టోబరు 1 నుంచి ఒట్టి జి20 చెల్లదబ్బా. డిస్కినీసియా (అదుపు లేని కదలికలు) లేక, ఫ్లక్చుయేషన్ల (మందు ప్రభావంలో హెచ్చుతగ్గులు) మాట లేకుంటే జి20.ఎ1, ఫ్లక్చుయేషన్లుంటే ఎ2. డిస్కినీసియా ఉంటే బి1, రెండూ ఉంటే బి2. నోట్‌లో 'పార్కిన్సోనిజం' అని మాత్రమే ఉంటే జి20.సి. పాత చీట్‌షీట్లు ఇంకా తిరుగుతున్నాయి, చించి పారేయండి.

చిత్తూరు ఆడిటర్: అల్జీమర్స్ డిమెన్షియా ఉంటే వరుస చూసుకో: జి30 (అల్జీమర్స్) ముందు, ఎఫ్02 (డిమెన్షియా) తర్వాత. ఎఫ్02 మొదటి కోడ్‌గా పోతే క్లెయిమ్ ఆగుతుంది.