తమ్ముడి మత్తు జబ్బుదా, థైరాయిడ్‌దా?

దేవరకొండ అక్క:
మా తమ్ముడికి స్కిజోఫ్రెనియా, తొమ్మిదేళ్లయింది. గోలీలు తప్పడు, చెవిలో మాటలు వినపడటం కూడా తగ్గింది. కానీ ఏడాదిగా పొద్దెక్కినా లేవడు, ఎండాకాలంలో కూడా చలి అంటాడు, మలబద్ధకం, మొహం ఉబ్బింది. ఎవరినడిగినా "ఆ జబ్బు అంతే, గోలీల మత్తు" అన్నారు. పట్టుబట్టి రక్తపరీక్ష చేయిస్తే టీఎస్‌హెచ్ (థైరాయిడ్ మందగిస్తే పెరిగేది) 18, యాంటీ టీపీవో చాలా ఎక్కువ, విటమిన్ డి 9, అంటే బాగా తక్కువ. ఇప్పుడు అమ్మ "డి లేకనే ఇదంతా, మెంటల్ గోలీలు ఆపేద్దాం" అంటోంది. ఏం చెయ్యాలి?

పాలమూరు నాన్న:
చెల్లె, ఆపొద్దు. మా కొడుక్కి ఇట్లనే తేలికయిందని నేనే ఆపేయించిన. రెండు నెలలకు అన్నంలో విషం కలిపామని మా ముందు తినడం మానేశాడు. మళ్లీ కుదురుకోవడానికి ఏడాది పట్టింది. ఆ బాధ మీకొద్దు.

మిర్యాలగూడ, మందుల షాపు:
అక్కా, యాంటీ టీపీవో ఎక్కువంటే ఒంట్లో రక్షణ వ్యవస్థే థైరాయిడ్ మీద పడిందని, హషిమోటో అంటారు. దీనిలోనూ స్కిజోఫ్రెనియాలోనూ చాలామందికి డి తక్కువే కనిపిస్తుంది, అంతమాత్రాన డి తక్కువే కారణమని తేలలేదు. థైరాయిడ్ గోలీ పరగడుపున నీళ్లతో, ఆ తర్వాత అరగంట నుంచి గంట ఆగి టీ, టిఫిన్. కాల్షియం, ఐరన్ ఉంటే 4 గంటల ఎడం. డి 60,000 యూనిట్ల గోలీ డాక్టర్ రాస్తే సాధారణంగా వారానికొకటే, అన్నం తిన్నాక. మా షాపుకొచ్చే కొందరు రోజూ వేసేసుకుంటున్నారు, కాల్షియం పెరిగి వాంతులు, తికమక వస్తాయి. ఆ తికమక చూసి పాత జబ్బు తిరగబెట్టిందనుకుంటారు. తమ్ముడు లిథియం (మనసు నిలకడకు ఇచ్చే గోలీ) కూడా వాడుతున్నాడా? అది థైరాయిడ్ పనిని తగ్గిస్తుంది, డాక్టర్‌కు చెప్పండి.

సూర్యాపేట:
నాకే స్కిజోఫ్రెనియా, థైరాయిడ్ రెండూ ఉన్నాయి, అందుకే రాస్తున్నా. మన దగ్గర ఎండకు కొదవా అంటారు, తలుపేసుకుని పడుకునేవాళ్లకు ఎండ ఎక్కడిది? నాకు థైరాయిడ్ గోలీ మొదలుపెట్టిన రెండు నెలలకు కాళ్లు తేలికయ్యాయి, బట్టలు నేనే ఉతుక్కుంటున్నా. చెవిలో మాటలకు మాత్రం పాత గోలీయే పనిచేస్తుంది. తమ్ముణ్ణి సోమరి అనొద్దని అమ్మకు చెప్పండి, ఆ మాట నేను చాలా పడ్డాను.

దేవరకొండ అక్క:
లిథియం లేదు. టీఎస్‌హెచ్ మళ్లీ ఎప్పుడు చూపించాలి?

మిర్యాలగూడ, మందుల షాపు:
గోలీ మొదలయ్యాక 6 నుంచి 8 వారాలకు. ముందే చేయిస్తే సరైన అంకె రాదు. ఆ రిపోర్టు మనసు డాక్టర్‌కు కూడా చూపించండి.

దేవరకొండ అక్క:
అమ్మకు ఇవన్నీ చదివి వినిపించిన. సూర్యాపేట చెల్లె రాసింది రెండుసార్లు చదవమంది. గోలీల డబ్బా మళ్లీ తమ్ముడి మంచం దగ్గర పెట్టింది.